పడమటి కిటికీలు పొద్దున్నే

వాడి పేరు నా నోటితో చెప్పను. ఇన్నేళ్ళయినా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. సొంత వ్యాన్ ఉన్నవాడని డ్రైవరుగా పెట్టుకున్నాను. నోరారా "అక్కా" అని పిలిచేవాడు. ఇంటింటికీ వెళ్ళి కిటికీలు తుడిచే మా ఆడవాళ్ళ జట్టునీ, బకెట్లనీ, నిచ్చెననీ ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ అవతలి దాకా తిప్పేవాడు. ఏ వేళకు ఎవరింటికన్నది మాత్రం నేనే తేల్చేదాన్ని.

ఆ తేల్చడంలోనే ఉంది అంతా. ఇక్కడ చాలా ఇళ్ళలో బోరునీళ్ళే. ఎండ పడుతున్న అద్దం మీద ఆ నీళ్ళు పోస్తే గుడ్డ అందుకునేలోపే ఆరిపోయి తెల్లమచ్చలు కడతాయి. ఆ తర్వాత ఎంత తోమినా పోవు. అందుకని పడమటి కిటికీలు పొద్దున్నే, తూర్పు కిటికీలు మధ్యాహ్నం దాటాక. నీడని బట్టి వ్యాన్ తిరగాలి. పైగా అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే మెయిన్ రోడ్డు మాట మరిచిపోవాలి. చౌరస్తాలో రాస్తారోకో మొదలైందని తెలిస్తే సరూర్‌నగర్ సందుల్లో దూరి కర్మన్‌ఘాట్ వైపు తేలేవాళ్ళం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్ళు పిలిచి పెడితే, నాలుగు ముద్దలు తిని మరీ పనికి వెళ్ళిన రోజులున్నాయి. ఇదంతా పక్క సీట్లో కూర్చుని నేనే నేర్పాను వాడికి. నా బుద్ధి గడ్డి తిని!

నా పనంతా రెండు చోట్లే. దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు. అక్కడ ఒక లెక్చరర్ గారి భార్య చెబితే అందరూ వింటారు. ఎల్.బి.నగర్ అవతల నల్గొండ వాళ్ళు ఎక్కువ. అక్కడ లారీలున్న ఒక పెద్దమనిషి మాట చెల్లుతుంది. ఆ ఇద్దరూ తలుపు తీస్తే కాలనీలన్నీ తీసినట్టే. మా ఇంట్లోనూ, నాతో వచ్చే ఆడవాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలంటే ఆ తలుపులే దిక్కు.

ఒకరోజు లెక్చరర్ గారి భార్య గ్రిల్ తియ్యకుండానే మాట్లాడింది. "ఏమీ అనుకోకమ్మా. రోజులు బాగోలేవు. వేరేవాళ్ళని కుదుర్చుకున్నాం." ఆ వారంలోనే లారీల పెద్దమనిషి కూడా, "గిప్పుడు మనోళ్ళకే పనిస్తున్నమమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో చాయ్ ఇవ్వకుండా నన్ను పంపించింది ఆ రోజే. అప్పటి నుంచి డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. ఆ ఇళ్ళతో పాటు జట్టులో సగం మందిని కూడా వాడే తీసుకుపోయాడు.

అలా వాడితో పోయినవాళ్ళలో మీర్‌పేట్ నుంచి వచ్చే ఒకామె ఉండబట్టలేక మా ఇంటికొచ్చి చెప్పేసింది. "అక్కా, వాడు లారీలాయన కాడ నువ్వు ఆంధ్రామెవని జెప్తుండు. లెక్చరరోళ్ళ కాడికి వోయి తెలంగాణామె, ధర్నాలల్ల తిరుగుతదని జెప్తుండు. నాకైతే మస్తు కోపమొచ్చింది."

మా నాన్నది నల్గొండ వైపు, అమ్మది గుంటూరు వైపు. ఒక్కో చోట నన్ను సగం సగం చేసి అమ్ముకున్నాడు వెధవ. వాడిది ఏ ఊరో నేనెప్పుడూ అడగను కూడా లేదు. బండి బాగా నడుపుతాడా, పొద్దున్నే లేస్తాడా అని చూశాను, అంతే. వాడి తిక్క కుదిర్చితే గానీ నా కడుపుమంట చల్లారదనుకున్నాను.

అవకాశం దానంతటదే వచ్చింది. లారీల పెద్దమనిషి ఎల్.బి.నగర్‌లో కొత్తగా అపార్ట్‌మెంట్ కట్టాడు. అందులో ఫ్లాటు కొన్నది ఎవరనుకున్నారు? మా లెక్చరర్ గారి భార్యే! బయట ఎవరి గొడవ వాళ్ళదే గానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాత్రం పక్కపక్కనే కూర్చుని సంతకాలు పెట్టుకున్నారు. గృహప్రవేశంలోపు అద్దాల మీది సిమెంటు, రంగు మరకలు పోవాలి. పని వాడిదే. పెద్దమనిషి పొద్దున ఉంటాడు కాబట్టి మెట్ల వైపు కిటికీలు పొద్దున, ఆవిడ ఫ్లాటు ఆయన వెళ్ళిపోయాక సాయంత్రం అని పెట్టుకున్నాడని మీర్‌పేట్ ఆమె చెప్పింది. ఇద్దరూ ఎదురుపడకుండా రూట్ వేశాడన్నమాట. ఆ ఫ్లాటు కిటికీలన్నీ పడమర.

ఆవిడకు ఫోన్ చేశాను. "పని నాకివ్వక్కర్లేదండీ. పడమటి కిటికీలు సాయంత్రం ఎండలో మాత్రం తుడిపించకండి, మచ్చలు కడతాయి. పొద్దున్నే దగ్గరుండి చేయించుకోండి" అని పెట్టేశాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఆవిడ పని పొద్దుటికి మార్పించిందని మీర్‌పేట్ ఆమె చెప్పింది. ఆ పొద్దున నేనూ వెళ్ళి గేటు పక్కన నిలబడ్డాను. చూడకుండా ఎలా ఉంటాను? వ్యాన్ దిగి ఇద్దరినీ ఒకచోట చూసేసరికి వాడి మొహం మాడిపోయింది.

"జల్ది కానీయ్ తమ్మీ. గా ఆంధ్రామె ఉన్నప్పుడు గిట్ల లేటయ్యేది కాదు" అన్నాడు పెద్దమనిషి.

"ఆంధ్రా ఆవిడ ఎవరండీ?" అంది లెక్చరర్ గారి భార్య.

"గదే, ముందుగాల కిటికీలు తుడ్సినామె."

"ఆవిడా? ఆవిడ తెలంగాణ కదండీ! ధర్నాల్లో తిరుగుతోందని ఈ అబ్బాయేగా మాకు చెప్పాడు?"

"ధర్నాలల్లనా? చౌరస్తల దినాం కూసునేటోణ్ణి నేను. నాకు గనవడకుంట ఏ ధర్నాకొచ్చింది?"

ఇద్దరూ వాడి వైపు తిరిగారు. "అది కాదండీ... గట్ల గాదన్నా..." అని ఒకసారి ఆవిడతో, ఒకసారి ఆయనతో నీళ్ళు నమిలాడు. అబ్బ! ఆ మొహం చూడడానికి ఎంత బంద్ రోజైనా నడిచి వెళ్ళేదాన్ని. "నడువ్ బయటికి" అన్నాడు పెద్దమనిషి. వాడు వ్యాన్ వెనక్కి తీస్తూ గేటుకు గుద్దాడు. పైకే నవ్వాను.

అప్పుడు చూశారు నన్ను. ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. "పొరపాటైపోయిందమ్మా. రేపట్నుంచి మళ్ళీ నువ్వే. కాలనీలో అందరికీ నేను చెప్తాగా." ఆయన కూడా, "మా దిక్కు గూడ నువ్వే జెయ్యమ్మా" అన్నాడు. పోయిందనుకున్నదంతా తిరిగొచ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలో ఆవిడ గొంతు తగ్గించి, "ఇంతకీ మీది ఏ ఊరమ్మా?" అంది.

"అవ్, గదొక్కటి జెప్పు" అంటూ ఆయన ముందుకు వంగాడు.

వాణ్ణి తరిమింది రెండు మాటలాడినందుకు. నన్ను మానిపించడం తప్పని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు నేనొక ఊరి పేరు చెబితే ఒకరు ఉంచుకుంటారు, ఇంకొకరు మళ్ళీ గ్రిల్ వేస్తారు. అంతసేపూ వాడి మీదున్న మంటంతా వీళ్ళ మీదికి తిరిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"రేపు మధ్యాహ్నం మావాళ్ళు వస్తారు" అన్నాను.

"అదేంటి? పడమటి కిటికీలు పొద్దున్నే చేయించుకోమన్నావుగా!"

"పొద్దున వేరే ఇళ్ళున్నాయండీ. మీకు ఎండలోనే కుదురుతుంది."