టీచరమ్మ విరగదన్న సంఖ్య

పెళ్లయిన కొత్తలో టైలరుకి భార్యంటే కాస్త బెరుకు. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఆయనకేమో టేపు మీదున్న అంకెలు దాటితే కళ్లు తిరుగుతాయి. ఆమెకి రోడ్డు మీద బండి నంబరు కనిపిస్తే చాలు, "ఇది పదమూడుతో పోతుంది, ఇది ఏడుతో పోతుంది" అంటూ బఠానీలు ఒలిచినంత సులువుగా విడగొట్టేసేది.

ఆమెకి ప్రాణమైన సంఖ్య మాత్రం ఒకటే. ఆయన గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద లాక్కుని, కత్తిరింపు బల్ల మీద 1234567891 అని రాసేది.

"చివరి ఒకటి తీసేస్తే మూడుకే లొంగిపోతుంది. ఉంచావా, ఇక ఎన్నిటితో భాగించినా విరగదు" అనేది, తనే కన్నంత గర్వంగా.

"చొక్కాకి గుండీలెన్నో చెప్పు, నాకది చాలు" అని ఆయన వేళాకోళం చేసేవాడు.

ఇప్పుడామెకి మతిమరుపు జబ్బు. గ్యాసు తిప్పి, వెలిగించడం మరిచిపోయి వెళ్లిపోతుంది. కట్టుకున్నవాణ్ణే "ఎవరండీ మీరు?" అంటుంది. డాక్టరు చేతులెత్తేశాడు. ఇలాంటివాళ్లని చూసుకునే హోములో ఒక మంచం ఖాళీ అయిందని మరదలు వచ్చి చెప్పింది. టైలరు మొండికేశాడు.

"మనిషి లోపల ఉండగా ఎలా పంపిస్తానమ్మా?"

"ఉందని నీకెలా తెలుసు బావా?" అంది మరదలు.

ఆయన సుద్ద తీసి బల్ల మీద ఆ పది అంకెలూ రాశాడు. భార్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"టీచరమ్మా, దీని సంగతేంటి?"

ఆమె ఒక్కో అంకె మీదా వేలు ఆనిస్తూ చాలాసేపు చూసింది. "ఇది విరగదు" అంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "విన్నావా? నా టీచరమ్మ ఎక్కడికీ పోలేదు!" మరదలు అక్కని వాటేసుకుంది. ఆ మంచం వద్దని చెప్పేస్తానంటూ ఫోను తీసింది.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఆశ పుట్టిన మనిషి ఊరుకుంటాడా? ఆయన ఉబ్బితబ్బిబ్బైపోతూ పక్కనే పది అని రాశాడు.

"ఇది విరగదు."

మరదలి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. అయినా టైలరు మనసొప్పక నాలుగు అని రాశాడు.

"సరిగ్గా చూడవే. రెండు రెళ్లు ఎంత?"

ఆమె ఆ నాలుగునీ వేలితో తడిమింది. "ఇదీ విరగదు" అంది, ఒకప్పటి గర్వంతోనే. ఆ తర్వాత ఆయన మొహంలోకి చూసి, "అర్థమైందా బాబూ?" అంది.

"అర్థమైందండీ" అన్నాడు టైలరు. మరదలి వైపు తిరగకుండానే, "ఆ మంచం మనకే ఉంచమని చెప్పమ్మా" అన్నాడు.