మేస్త్రీ గోడవార గడ్డి చామంతి

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ దొర్లుతాయి. మా పల్లెలో ఐదో తరగతి వరకే చదివాను. మొక్కలు పెంచేవాళ్లు ఓపిక చేసుకుని చదవండి. ఆటోనగర్‌లో నాకు లేత్ పని నేర్పిన మేస్త్రీ మొన్న శుక్రవారం పోయారు.

నాకు మాటలు తక్కువ. అందుకే పనిలో చేరిన తొలి ఏడు, చేతలతోనైనా ఆయన మెప్పు పొందాలనుకున్నాను. దసరా ఆయుధ పూజకి ముందురోజు అందరూ మిషన్లు తుడుస్తున్నారు. నేను పార పట్టుకుని, షెడ్డు వెనక గోడవార మొలిచిన గడ్డి చామంతినంతా చెక్కేశాను. పసుపు బొడ్డు, చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు. చూడ్డానికి బాగానే ఉంటుంది గాని ఆకు నలిపితే ఒకటే కంపు.

మేస్త్రీ వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. షెడ్డులో కుర్రాళ్లందర్నీ ఆయన బావా అనే పిలిచేవారు.

"ఏటి సేసినావు బావా! మన మందుల షాపు పీకీసినావేటి?"

అందరూ నవ్వారు. నా పని పోయిందనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే లేత్ తుడుస్తుంటే, ఇనుము చెక్కగా ఊడిన వాడి చుట్ట నా అరచెయ్యి కోసింది. మేస్త్రీ చెత్తకుప్ప దగ్గర గొంతుక్కూర్చుని, వాడిన మొక్కల్లోంచి నాలుగాకులు ఏరి, నలిపి కోత మీద పసరు పిండారు. నేను ముక్కు పక్కకి తిప్పుకున్నాను.

"కంపంటావేటి? సెయ్యి మానినాక ఈ కంపుని నువ్వే ఎతుకుతావు. పద, సూది కూడా ఏయించుకుందువుగాని. ఆకునొక్కదాన్నే నమ్ముకోకు."

మర్నాడు పూజలో లేత్‌కి బంతిదండ వేసి, పక్కనే కుప్పలోంచి ఏరిన ఒక గడ్డి చామంతి రెమ్మ గుచ్చారు. పంతులుగారు వింతగా చూస్తే, "అదీ పనిముట్టే బాబూ" అన్నారు.

తుఫాను వానకి గోడవార మళ్లీ మొలిచింది. ఆ తర్వాత ప్రతి పూజకీ ఆ రెమ్మ నేనే కోసి ఇచ్చేవాణ్ణి. ఆయన వేలితో చోటు చూపించేవారు. అంతే.

ఇప్పుడు షెడ్డు చేతులు మారింది. వచ్చే వారం వెనకంతా సిమెంటు చేస్తారట. మేస్త్రీని సాగనంపి వచ్చిన మర్నాడు వెళ్లి, ఒక మొక్కని వేళ్లతో సహా తవ్వి, పాత పెయింటు డబ్బాలో పెట్టి మా మేడమీదికి తెచ్చుకున్నాను. ఎవరూ నీళ్లు పొయ్యకుండా పెరిగిన మొక్క, నేను రెండు పూటలా పోస్తుంటే వాడిపోతోంది.

"రోడ్డెమ్మట బోలెడుంది కదేటి, ఇంకోటి తెచ్చుకోండి" అంటుంది మా ఆవిడ. ఉంది. అది మేస్త్రీ గోడది కాదు.

దీన్ని డబ్బాలో బతికించడం మీలో ఎవరికైనా తెలిస్తే తొందరగా రాయండి. సిమెంటు పడేలోగా అయితే ఇంకో మొక్క తవ్వుకోగలను. ఉన్నదానికి ఒక్క పువ్వే మిగిలింది. ఇందాక ఒక ఆకు నలిపి చూశాను. కంపు అలాగే ఉంది. చెయ్యి కడుక్కోకుండానే మీకిది రాస్తున్నాను.