చింతగింజలు ఎవరివి

నిన్న పొద్దున చారుకు నానబెట్టిన చింతపండు పిసుకుతుంటే వేలికి గింజ తగిలింది. ప్యాకెట్ మీద గింజ తీసిన పండు అని పెద్ద అక్షరాలతో ఉంది. ఒక్క గింజే కదా అని పారేస్తే పోయేది, కానీ నా బుద్ధి అలా ఊరుకోదు; మిగిలిన పండంతా పళ్ళెంలో గుమ్మరించుకుని, అవతల పప్పు అడుగంటే దాకా ముక్కముక్కా విప్పి చూశాను. మరో ఆరు దొరికాయి. ఖమ్మంలో మూడో అంతస్తులో కూర్చుని ఎవరి సరుకునో తనిఖీ చేయడమేమిటని, కాలేజీలో కామర్స్ చెప్పే మా అమ్మాయి నవ్వింది. నవ్వుతుంది మరి, ఒకప్పుడు ఈ గింజే నా కొంప ముంచిందని దానికి తెలియదు.

కాలు ఒకచోట నిలవని మనిషిని నేను. పెళ్ళయి దుమ్ముగూడెం పక్క ఊరికి కాపురానికి వచ్చేసరికి మా అత్తమ్మ చింతపండు వ్యాపారం చేస్తుండేది. వ్యాపారమంటే పెద్ద మాట. ఎండలు ముదిరే వేళకు అడవి ఊళ్ళ నుంచి కాయ కొని, పై పెంకు కొట్టించి, చుట్టుపక్కల పది పన్నెండు ఇళ్ళకు బుట్టలతో పంచేది. వాళ్ళు వంటా వార్పూ చూసుకుంటూ, పిల్లలను ఆడించుకుంటూ, వీలున్నప్పుడు అరుగు మీద కూర్చుని గింజ తీసి వారానికి తిరిగి ఇచ్చేవాళ్ళు. కూలి అత్తమ్మ ఇచ్చేది, గింజలు మాత్రం తీసినవాళ్ళవే. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు. మన వయసు వాళ్ళకు వేయించి నానబెట్టిన చింతగింజల రుచి చెప్పనక్కరలేదు. తినగా మిగిలినవి సంతలో అమ్ముకుని ఉప్పో సబ్బో తెచ్చుకునేవాళ్ళు.

అందరిలోకీ ఒక కోయ అక్క పని చూడముచ్చటగా ఉండేది. ఆమె ఇచ్చిన బుట్టలో అత్తమ్మ చేయి పెట్టి చూసేది కూడా కాదు. ఆ ఊళ్ళో నా తొలి స్నేహం ఆమెతోనే, ఇప్పుడు నన్ను చూసి నవ్విన ఈ అమ్మాయికి తొలి స్నానాలు పోసిందీ ఆమే.

అత్తమ్మ నిమ్మళం నాకు గిట్టేది కాదు. మా సరుకుతో భద్రాచలం వెళ్ళే ట్రాక్టర్ సగం ఖాళీగా పోతుంటే నాకు ప్రాణం కొట్టుకునేది. సగం వేసినా నిండా వేసినా కిరాయి అంతే కదా, సరుకు పెంచితే కిలోకు పడే ఖర్చు తగ్గదా అని రోజూ పోరు పెట్టేదాన్ని. అత్తమ్మ ఒకటే అనేది, "పెద్దగ జేస్తే ఎవలు జూస్తరే, నాకున్నయి రెండు కండ్లే." పాతకాలం మాట అనుకున్నాను. చివరకు మా ఆయనను ఒప్పించి సరుకు రెట్టింపు చేశాను, మరుసటి ఏడు ఇంకొంత పెంచాను. నిజం చెప్పాలి, ఖర్చు తగ్గింది. ట్రాక్టర్ చాలక లారీ పెడితే అదీ నిండింది, బస్తాలు టోకున చవకగా వచ్చాయి, నేను నేల మీద నడవలేదు.

అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? ఇళ్ళ చుట్టూ తిరిగే పని లేకుండా రేకుల షెడ్డు వేయించి అందరినీ అక్కడికే రమ్మన్నాను. దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఆటో కావలసి వచ్చింది, వచ్చినవాళ్ళను చూడటానికి ఒక మనిషి, ఆ మనిషిని చూడటానికి నేను. దగ్గరి కాయ చాలక అడవి లోపలి దాకా బండ్లు పంపవలసి వచ్చింది. మా అమ్మాయి బోర్డు మీద ఒక గీత గీస్తుందట, తయారీ పెరిగేకొద్దీ సగటు ఖర్చు కిందికి దిగి, కొంత దూరం పడుకుని, మళ్ళీ పైకి లేస్తుందట. ఆ పడుకున్న చోటు దాటిపోయానని నాకు తెలియలేదు.

ఖర్చు మళ్ళీ తగ్గించాలనే ఆరాటంలో గింజల మీద పడింది నా కన్ను. గింజలను పొడి కొట్టే మిల్లులకని లారీల లెక్కన కొనేవాళ్ళు వస్తున్నారు, ఇక నుంచి గింజలు షెడ్డులోనే ఉంటాయని ఒకరోజు చెప్పేశాను. ఎవరినీ అడగలేదు, అత్తమ్మను కూడా. అక్క ఒక్కతే తలెత్తి, "గింజలు గూడనా, చెల్లె?" అంది. షెడ్డుకు ఖర్చులుంటాయి కదక్కా అన్నాను. "అవ్" అని మళ్ళీ పనిలో పడింది. ఆ వారం తర్వాత ఆమె రాలేదు. అడగడానికి నాకు తీరిక లేదనుకున్నాను. నిజానికి మొహం చెల్లలేదు.

మిగిలినవాళ్ళు పగబట్టి ఏమీ చేయలేదు. తమదైన గింజను మూలమూలా వెతికి తీసుకున్న వేళ్ళు, తమది కాని గింజను అంత వెతకలేదు, అంతే. ఖమ్మంలో మా సరుకు కొనే షావుకారు బస్తా కోసి చేయి పెట్టి, లారీకి లారీ వెనక్కి పంపాడు. మళ్ళీ విప్పించాను, మళ్ళీ కూలి ఇచ్చాను, ఈలోగా మొగులు పట్టి, ఆ ముసురుకు పండు నల్లబడింది. గింజలమ్మిన డబ్బు ఆ రెండో కూలికే చాలలేదు. అత్తమ్మ అరుగుల మీద చేయించినదాని కంటే నా షెడ్డులో కిలోకు ఎక్కువ పడింది. పెరుగుట విరుగుట కొరకే అని ఊళ్ళో అనుకున్నారు, అత్తమ్మ మాత్రం నల్లబడిన పండును పక్కకు ఏరుతూ కూర్చుంది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

రేకులు అమ్మేశాక, ఒక బుట్ట పండు నెత్తిన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. మునుపటిలాగే ఇంట్లో తియ్యమని, గింజలు కూడా నీకే ఇస్తానని చెప్పాను. మంచినీళ్ళు ఇచ్చింది, బిడ్డ మంచిగున్నదా అని అడిగింది. బుట్ట ముట్టుకోలేదు. "గప్పుడు నువ్వు ఇయ్యలే, చెల్లె. మావేనని తీసుకున్నం. గిప్పుడు ఇస్తనంటున్నవ్" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నేను కూడా రెండు మాటలు అని, ఏడ్చి, మళ్ళీ కలిసిపోయేదాన్ని. బుట్ట ఎత్తుకుని తిరిగి వచ్చాను. ఎంత తొందరగా నడిచినా ఆ దారి తరగలేదు.

ఇప్పుడు ఆ వైపు అరుగుల మీద బుట్టలు కనిపించవు. పండు ఎక్కడో తయారై ప్యాకెట్లలో వస్తోంది, చవకగానే వస్తోంది. తప్పు పట్టడానికి నేనెవరిని, వాళ్ళకంటే ముందు నేనే తొందరపడ్డాను. ఆ ఏడు గింజలూ పారేయబుద్ధి కాక కడిగి వంటింటి గట్టు మీద ఆరబెట్టాను. రాత్రి మా అమ్మాయి ఇవెందుకమ్మా అంటే, మనవి కావు, ఉండనీవే అన్నాను.