ఒక ట్యాంకు దూరం

పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరడం రోజూ టీవీలో చూపిస్తున్న రోజుల్లో మా ఆయన ఆ పాత డీజిల్ కారు కొన్నారు. స్టార్ట్ చేస్తే చాలు, పక్కింటి ముసలాయన కిటికీ మూసుకునేవాడు. "ఏమండీ, కారు కొనమంటే ట్రాక్టరు కొన్నారా?" అన్నాను. "నోరు చేసుకోకు, ఇది పదికాలాల పాటు ఉండే బండి" అన్నారు. నిజమే, బండి ఉంది. ఆయనే లేరు.

మేం పశ్చిమ టెక్సాస్‌లో ఓ చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవారు, నేను ఆసుపత్రిలో నర్సుని. పిల్లలు లేరు. ఇద్దరం గుంటూరు జిల్లా వాళ్ళం, చర్చి గంట విని నిద్ర లేచిన వాళ్ళం. అమెరికాలో మేమున్న ఊళ్ళో చర్చిలకు కొదవ లేదు గానీ, ఇంగ్లీషులో ప్రార్థన చేస్తుంటే ఎవరి ఇంటికో వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నట్టు ఉండేది నాకు. నెలకోసారి డాలస్ దగ్గర, ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఇచ్చిన హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. వెళ్ళడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. ఆ ఒక్క ఆదివారం కోసం నేను నెలంతా బతికేదాన్ని. అతిశయోక్తి కాదు, అలాగే ఉండేది.

చిక్కల్లా డీజిలుతోనే వచ్చింది. మా ఊరు దాటితే ఆ దారిలో అది దొరికేది ట్రక్కుల బంకులోనే. చుట్టూ పెద్ద పెద్ద ట్రక్కులు, కాళ్ళకింద నూనె మడుగులు, చీర కట్టుకున్న మనిషిని వింతగా చూసే డ్రైవర్లు. ఒకసారి ఆ గొట్టం నా చేతిలోంచి జారి పట్టుచీర మీద డీజిలు చిందింది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ కంపు పోలేదు. "చచ్చినా ఇంకోసారి అక్కడ దిగను" అని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన నవ్వి, "నేనున్నానుగా" అన్నారు. అప్పట్నుంచి తిరుగుదారిలో ప్రతిసారీ ఆయనే దిగి పోయించేవారు.

ఆ శీతాకాలంలో ఆయనకు కడుపునొప్పి మొదలైంది. క్యాన్సరని మా ఆసుపత్రిలోనే చెప్పారు. చెప్పిన డాక్టరు నాతో రోజూ పనిచేసేవాడే, నా ముఖం చూడలేక కాగితాల వైపు చూస్తూ చెప్పాడు. ఓ శనివారం పొద్దున చూద్దును కదా, ఆయన గరాజులో కారు కింద దూరి ఉన్నారు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఈ చలిలో ఏం చేస్తున్నారండీ?"

"మైలేజీ పెంచుతున్నా. డాలస్ వెళ్ళి రావడానికి ఒకటే ట్యాంకు సరిపోవాలి. నువ్వు ఒక్కదానివి ఆ బంకులో ఆగకూడదు."

"నేను ఒక్కదాన్ని ఎందుకెళ్తాను?"

ఆయన కారు కింది నుంచి చెయ్యి చాపి, "ఆ గుడ్డ ఇలా అందివ్వు" అన్నారు. గుడ్డ ఆయన మీదికి విసిరేసి లోపలికి వెళ్ళి ఏడ్చాను.

అప్పటిదాకా ఇల్లు ఇంకా గంట దూరం ఉందనగానే డీజిలు ఎంతుందో చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసేది. ఆ గంట దూరాన్ని గెలవాలని ఆయన పట్టు. గాలి ఫిల్టరు మార్చారు. ఒక చక్రానికి బ్రేకు అంటుకుని రాసుకుంటోందని కనిపెట్టి విడిపించారు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలనేవారు. డిక్కీలో ఉన్న ఇనప పనిముట్ల పెట్టె, పాత గొలుసులు, ఎందుకుందో తెలియని ఒక కొయ్యపీట, అన్నీ తీసి గరాజులో పెట్టేశారు. ఏసీ వేయనిచ్చేవారు కాదు.

ఆ తర్వాత నా మీద పడ్డారు. ఊళ్ళో ఆసుపత్రికి నడపడం తప్ప నాకు హైవే తెలియదు. ఆయన పక్కన కూర్చుని నేర్పారు. "ముందు రెడ్ లైట్ కనిపించిందంటే కాలు తీసెయ్. బ్రేకు వేసిన ప్రతిసారీ డీజిలు పారబోసినట్టే. పాలు పొంగబోతుంటే మంట తగ్గిస్తావే, అట్లా. పొంగాక ఊదితే ఏం లాభం?" లెక్కల మాస్టారు కదా, అర్థమయ్యేదాకా వదిలేవారు కాదు. ఆ బండికి తాళం తిప్పగానే ఒక చిన్న దీపం వెలుగుతుంది, అది ఆరేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేయాలి. మా ప్రయాణ ప్రార్థన ఆ కాస్త వ్యవధిలోనే అయిపోవాలి. ఇంజను ఆన్ చేసి ప్రార్థన చేస్తే ఒప్పుకునేవారు కాదు. "దేవుడు ఎంతసేపైనా వింటాడే, డీజిలు ఆగదు" అనేవారు. బండి ఊరికే నిలబడి మోగుతుంటే ఆయనకు ఒళ్ళు మండేది. నేను ఇంటి ముందు ఆపి సామాను దించుకుంటుంటే గబగబా వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపేసేవారు.

ఇంత పొదుపు మనిషీ ఒక్కచోట మాత్రం ఓడిపోయేవారు. ఆ రోజుల్లో మన బియ్యం, పప్పులు దొరకాలంటే డాలసే గతి. ఎవరి కారైనా మా వైపు వస్తోందంటే చాలు, ఆరాధన అయ్యాక సంఘపెద్ద దగ్గరుండి ఆ వైపున్న తెలుగువాళ్ళందరి బియ్యం బస్తాలూ దాంట్లోకి ఎక్కించేవారు. అడగడమూ లేదు, కాదనడమూ లేదు. అది అక్కడి మర్యాద. మా ఆయన ఇంటి దగ్గర కొయ్యపీట దించి వస్తే, తిరిగి వెళ్ళేటప్పుడు డిక్కీ నేలకు ఆనేది. "కొయ్యపీట తీసి ఏం బావుకున్నట్టు?" అని నేను దెప్పితే, "వాళ్ళు అన్నం తినొద్దా మరి?" అనేవారు. మా ఊళ్ళో ఉన్న వరంగల్ దంపతుల బియ్యం ఎప్పుడూ మా కారులోనే వచ్చేది.

ఆయన చిక్కిపోతూ వచ్చారు. బెల్టుకు కొత్త బెజ్జం పొడుచుకుంటూ ఒకరోజు, "చూశావా, నేనూ సాయం చేస్తున్నా. బండికి బరువు తగ్గుతోంది" అన్నారు. చేతిలో ఉన్న గరిటె గోడకేసి కొట్టాను. నర్సుని నేను. ఆ తగ్గడం ఎక్కడికి పోయి ఆగుతుందో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు కాబట్టే ఆ హాస్యం.

మేం కలిసి వెళ్ళిన ఆఖరి ఆదివారం నేనే నడిపాను. ఆయన పక్క సీట్లో పొట్ట మీద దిండు పెట్టుకుని, రోడ్డు మానేసి ముల్లునే చూస్తూ కూర్చున్నారు. వెనక బస్తాలు. ఇంటికి ఇంకో రెండు ఊళ్ళు ఉన్నాయనగా ముల్లు ఎర్రగీత తాకింది. "ఇంకొంచెం. ఇంకొక్క కొంచెం మిగలాలి" అన్నారు. ఆ ఓటమి ఆయన్ని జబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టిందని ఇప్పటికీ నా నమ్మకం. మరుసటి నెల ఆరాధన వచ్చేసరికి ఆయన లేరు. డాలస్ సంఘమంతా అంత దూరం వచ్చి, మా ఊరి సమాధుల దగ్గర ఎండలో నిలబడి తెలుగులో పాడి వెళ్ళారు.

కొన్నాళ్ళకు ఒంటరిగా బయల్దేరాను. తాళం తిప్పాను. దీపం ఆరిపోయింది గానీ నా ప్రార్థన మొదలే కాలేదు. ఆయన చెప్పినట్టే నడిపాను. ఆరాధనలో అందరూ చేతులు పట్టుకుని ఏడ్చారు, అన్నం పెట్టారు, కారు దాకా వచ్చి సాగనంపారు. ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చేశాను. చూస్తే ముల్లు ఎర్రగీతకు చాలా పైన ఉంది. ఒక్క క్షణం ఎగిరి గంతేయాలనిపించింది. ఏమండీ అని పిలవబోయాను కూడా. అప్పుడు అర్థమైంది. పక్క సీటు ఖాళీ, డిక్కీ ఖాళీ.

మర్నాడు వరంగల్ ఆవిడ కూర పట్టుకొచ్చింది. బియ్యం ఎందుకు రాలేదని అడిగాను.

"మేమే వద్దని ఫోన్ చేసినం అక్కా. ఒక్కదానివి వస్తున్నవ్, నీకెందుకు ఆ బరువు? కష్టమైతది గద."

మంచి మనసుతో అన్న మాటే. నాకు మాత్రం నషాళానికి అంటింది. ఆయన బతికున్నన్నాళ్ళూ దక్కని మైలేజీ, ఆయన్ని తీసేస్తే, ఆయనతోపాటు నలుగురి బియ్యమూ తీసేస్తే దక్కింది. ఇలాంటి మైలేజీ ఎవరికి కావాలి? ఆవిడ వెళ్ళాక గరాజులోకి పోయి ఆ కారు టైరును కాలితో తన్నాను. వేలు వాచింది.

మళ్ళీ నెల ఆరాధన అయ్యాక సంఘపెద్ద దగ్గరికి వెళ్ళాను. "అయ్యగారూ, మా వైపు బియ్యం ఎక్కడ?" అన్నాను. "నీకెందుకమ్మా శ్రమ..." అని ఆయన నసిగారు. "నా కారు అటు పోతోందా లేదా? పోతుంటే వేయండి" అన్నాను. గొంతు పెరిగిందని తెలుసు. అప్పుడు బస్తాలు తెచ్చి ఎక్కించారు. డిక్కీ నిండాక ఒకటి మిగిలితే, పక్క సీటు చూపించాను.

దారిలో ముల్లు గబగబా దిగింది. దిగుతుంటే నాకు ప్రాణం కుదుటపడుతూ వచ్చింది. మా వీధి మలుపు తిరిగేసరికి ఎర్రగీత దాటిపోయింది. ఇంకా పొద్దు పోలేదు. ఇంటి ముందు ఆపి బస్తాలు దించలేదు, తాళమూ తిప్పలేదు. ఇంజను అలాగే మోగుతోంది. కిటికీ అద్దం దించి కూర్చున్నాను. పక్కింటి ముసలాయన కిటికీ మూసుకున్న చప్పుడైంది. ఉన్న నాలుగు చుక్కలూ అయిపోతాయని తెలుసు. అయినా ఆపలేదు. లోపలి నుంచి గబగబా వచ్చి, తిట్టి, చెయ్యి పెట్టి తాళం తిప్పే మనిషి కోసం చూశాను.

ఎవరూ రాలేదు. ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా ఎవరూ రాలేదు.