మెట్ల మలుపులో మా తాతగారి కుర్చీ

దుర్గాపూజ సెలవులకి మా అమ్మాయి, మనవరాలు వచ్చిన రోజునే వాన పట్టుకుంది. వాళ్లుండేది బిలాస్‌పూర్‌లో. బయల్దేరే ముందే మా అమ్మాయి ఫోన్‌లో దాపరికం లేకుండా చెప్పింది.

"దానికి ఈసారి నచ్చితే వేసవి సెలవులన్నీ మీ దగ్గరే ఉంచుతానమ్మా. నచ్చకపోతే మాత్రం నేను బలవంతం చెయ్యను. పోయినసారి రెండో రోజుకే ఇంటికి పోదామని ఏడ్చింది కదా."

నాకు గుర్తే. పిల్లకి పదేళ్లు. ఇంకొన్నాళ్లు పోతే రమ్మన్నా రాదు. కానీ ఉండమని బతిమాలడం నాకు చేతకాదు. మా వంశంలో ఎవరికీ చేతకాలేదు. శ్రీకాకుళం వైపు మాకున్న భూములు కోర్టుల్లో ఒక్కొక్కటే పోతున్నప్పుడు కూడా మావాళ్లు సాయం కోసం ఎవరి గుమ్మమూ ఎక్కలేదట. నిటారుగా కూర్చుని పోగొట్టుకున్నారు.

అలా కూర్చున్న కుర్చీల్లో ఒకటి మా తాతగారు రైల్వే ఆఫీసులో గుమాస్తా పనికి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నారు. టేకు కుర్చీ. పేము అల్లిక, జానెడు వెడల్పు చేతులు. తాతగారి నుంచి నాన్నగారికి, అన్నదమ్ములు లేరు కనక ఆయన నుంచి నాకు వచ్చింది. మా ఆయన ఇల్లరికం వచ్చిన మనిషి. వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరైనా కదిపితే అంటారు: "ఇల్లరికం అన్నారు. వచ్చి సూస్తే ఇల్లు రైల్వేవాళ్లది, మీవాళ్లదల్లా కుర్చీ ఒక్కటే. అందులోనూ నన్ను కూకోనివ్వరు."

న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఉన్నంతకాలం ఆ కుర్చీకి వరండా ఉండేది. ఆయన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీచేసి తాల్‌బగీచాలో ఒక మేడ కింది భాగంలో అద్దెకు దిగాం. ఇంటాయన పైన ఉంటాడు. మా ఆయనతో ఒకే షాపులో పనిచేసినవాడు. ఆయన్ని 'బావా' అని పిలుస్తాడు, ఆ వరసన నన్ను అక్కలా 'అప్పా' అంటాడు. వాళ్ల తాత మా తాతగారి వెంట అదే రైల్లో వచ్చాడు. స్టేషను నుంచి క్వార్టరు దాకా ఆ కుర్చీని నెత్తిన మోసింది ఆయనే. ఈ సంగతి నాకు తెలుసు, ఇంటాయనకీ తెలుసు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. నేను పైకి మెట్లెక్కనూ లేదు. ఇవ్వాల్సింది ఉంటే మా ఆయన ఎక్కుతారు.

మధ్యలో పిల్లని దీఘా తీసుకెళ్లి సముద్రం చూపిస్తానని మా అమ్మాయి ఆశ పెట్టింది. ఆ వానలో సముద్రమేమిటి, సందు చివర పూజా పందిరి దాకా వెళ్లడమే గగనమైంది. పందిట్లో ఢాకీలు వాయించే డోళ్లు కూడా తడిసిన చప్పుడు చేస్తున్నాయి. ఇక పిల్లకి నచ్చడమో నచ్చకపోవడమో అంతా మా రెండు గదుల్లోనే తేలాలి.

మొదటి రోజు పచ్చీసు గుడ్డ పరిచాను. మా నాయనమ్మ కుట్టిన గుడ్డ. నలుగురం కూర్చున్నాం. గవ్వలు ఎలా పట్టాలో చెప్పాను. పెద్దవాళ్లు వెయ్యకుండా చిన్నవాళ్లు వెయ్యకూడదని, కాయ చచ్చిపోతే అరవకూడదని, గెలిచినా పళ్లు బయటపెట్టకూడదని చెప్పాను. మా ఇంట్లో అలాగే ఆడేవారు.

పిల్ల కాసేపు గవ్వలకేసి చూసి, "అమ్మమ్మా, ఇది ఆటా, స్కూలా?" అంది.

"స్కూల్లోనైతే గంట కొడతారమ్మా. ఇక్కడ అదీ నేదు," అన్నారు మా ఆయన. ఆ నవ్వులో తన కాయని రెండు గళ్లు ఎక్కువ జరిపేశారు. నేను పట్టుకున్నాను. పట్టుకోకుండా ఉండాల్సింది. పిల్ల తాత పక్షం చేరిపోయింది, ఆట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు పుస్తకాల బీరువా తాళం తీశాను. మా నాన్నగారికి వారపత్రికల్లో సీరియళ్లు కత్తిరించి, కుట్టి, అట్ట వేయించే అలవాటుండేది. వాటిలో ఓడలూ దీవులూ ఉన్న సాహస కథ ఒకటి తీసి దానికిచ్చాను. తెలుగు కూడబలుక్కుని చదవగలదు, వాళ్లమ్మ నేర్పింది. కుర్చీలో వెన్ను ఆనకుండా కూర్చోమన్నాను. బోర్లా పడుకుని చదివితే పుస్తకానికి మర్యాద ఉండదన్నాను. కథ కన్నా పేజీల అడుగున ఉన్న తలనూనె, బలం మందు ప్రకటనలు దానికి ఎక్కువ నచ్చాయి. వాటిని పైకి చదివి పకపకా నవ్వింది. కానీ పావుగంట తిరక్కుండానే నడుం నొప్పి అని పుస్తకం మూసి వాళ్లమ్మ ఫోన్ అడిగింది.

ఆ రాత్రి అది వాళ్లమ్మని మెల్లిగా అడగడం వంటింట్లోకి వినపడింది. "రిటర్న్ టికెట్ ముందుకి మార్చలేమా?"

నేను చేస్తున్న పని ఆపలేదు. చపాతీలు మాత్రం రెండు మాడాయి.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంటాయన భార్య గుమ్మంలోకొచ్చింది. "వదినా, సాయంత్రం మేడ మీద రేకుల షెడ్డులో సినిమా ఎడతాం. మీ తమ్ముడు ప్రొజెక్టర్ కొన్నాడు. పాత తెలుగు బొమ్మ. మీ మనవరాలు గుంటని తీసుకుని మీరూ రండి."

"చూస్తాం," అన్నాను. నేను ఎప్పుడూ అనే మాటే అది.

"అమ్మమ్మ రాదా?" అని పిల్ల తాతని అడిగింది.

"మీ అమ్మమ్మ సినిమాకెళ్లాలంటే సింహాసనం ఎల్లాలి," అన్నారాయన. ఊరుకోక, నేను వద్దంటున్నా మొత్తం చెప్పేశారు. నా చిన్నప్పుడు సెటిల్‌మెంట్ మైదానంలో రెండు గుంజల మధ్య తెరకట్టి సినిమాలు వేసేవారు. జనమంతా చాపలు పరుచుకునేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు తెర వెనక కూర్చుంటే వాళ్లకి హీరో ఎడమచేత్తో కొట్టేవాడు. మా తాతగారు మాత్రం కుర్చీ పట్టించుకుని వచ్చేవారు. మన కుర్చీలో మనం కూర్చుంటే ఎవరి దగ్గరికీ వచ్చినట్టు కాదనేవారు. ఆ కుర్చీ చేతి మీద కూర్చుని నేను సినిమా చూసేదాన్ని.

పిల్ల కళ్లు మొదటిసారి వెలిగాయి. "అయితే మనమూ కుర్చీ తీసుకెళ్దాం! నేను చేతి మీద కూర్చుంటాను. ప్లీజ్ అమ్మమ్మా, నువ్వు రాకపోతే నేనూ వెళ్లను."

టికెట్ ముందుకి మార్చమన్న పిల్ల ఆ మాట అంది. ఇక నేనేం చెయ్యను?

సాయంత్రం మా ఆయన, అమ్మాయి ముందే పైకి వెళ్లారు. మేమిద్దరం కుర్చీ ఎత్తాం. పిల్ల పైమెట్టు మీద వెనక్కి నడుస్తూ ముందుకాళ్లు పట్టుకుంది, నేను కింద వీపు పట్టుకున్నాను. ఇంటాయన మలుపు దగ్గరికి గబగబా దిగొచ్చాడు.

"ఇలా ఇచ్చేయండప్పా, నాను అట్టుకెళ్లిపోతాను."

"వద్దు. మేం తెచ్చుకుంటాం," అన్నాను, కాస్త గట్టిగానే. మళ్లీ ఆ ఇంటి మనిషి నెత్తికి ఆ కుర్చీ ఎక్కడం నాకిష్టం లేదు. అది మర్యాదో, పొగరో విడదీసి చూసుకోలేదు. అతను "సరే అప్పా," అని పైకి వెళ్లిపోయాడు.

మలుపులో కుర్చీ ఇరుక్కుంది. ఒక చెయ్యి గోడకి, ఇంకో చెయ్యి రెయిలింగుకి బిగుసుకుపోయాయి. ముందుకి రాదు, వెనక్కి పోదు. పిల్ల పై పక్క, నేను కింది పక్క. పైన సినిమా మొదలైపోయింది. రేకుల షెడ్డు మీద వాన దడదడా పడుతోంది.

పై మెట్టు నుంచి మా ఆయన తొంగిచూశారు. "ఏటే, ఆగిపోనావు? సిగ్నలు ఇవ్వలేదా?"

"మీరు లోపలికి వెళ్లండి," అన్నాను.

పైన ఉన్నవాళ్లు దిగడానికి లేదు, నేను ఎక్కడానికి లేదు. కిందికి పోయి తలుపు వేసుకోవచ్చు. మా వాళ్లయితే అదే చేసేవారు. నేను వెనక్కి తిరిగాను కూడా. అప్పుడు కుర్చీ కింది నుంచి పిల్ల తల బయటికొచ్చింది. పాకుకుంటూ నా వైపుకి వచ్చి, మోకాళ్లు దులుపుకుని, "చూశావా, ఇంతే. నువ్వూ ఇలా దూరెయ్," అంది. మళ్లీ అటు పాకి వెళ్లి, అటునుంచి చెయ్యి చాపింది. "రా అమ్మమ్మా. నేను పట్టుకుంటా."

ఆ కుర్చీ ముందు నేను నిలబడ్డాను, కూర్చున్నాను, పుట్టినరోజులకి దణ్ణం పెట్టాను. దాని అడుగుభాగం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మెట్ల మీద చేతులాన్చి వంగాను. నడుం పట్టేసింది. పేము అల్లిక కింద సాలెగూడు జుట్టుకి చుట్టుకుంది. మధ్యలో ఆగిపోతానేమోనని భయమేసింది. పిల్ల నా మణికట్టు పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం," అంటూ లాగింది. అది ఎంత గట్టిగా పట్టుకుందంటే మర్నాటికీ అక్కడ ఎర్రగా ఉంది.

మేడ మీదికి వెళ్లేసరికి అందరూ నాకేసే చూశారు. మా ఆయన నోరు తెరిచారు. పిల్ల కళ్లతోనే ఆపేసింది. ఇంటాయన భార్య జరిగి చాప మీద చోటు చూపింది. "ఇలా రండి వదినా." నా జుట్టులోని బూజు తీసి, తన కొంగుకి తుడుచుకుంది. నేను కూర్చున్నాను. పిల్లకి ఎక్కి కూర్చోడానికి కుర్చీ చెయ్యి లేదు కనక నా ఒళ్లోకి ఒరిగింది.

రేకుల మీద వాన మోతకి సినిమాలో ఒక్క మాటా వినపడటం లేదు. తెర మీద అత్తగారు నోరు కదుపుతోంది, కోడలు ఏడుస్తోంది.

"ఏమంటోంది?" అంది పిల్ల.

"'నా కొడుకు తిరిగొచ్చేదాకా ఈ గడప దాటకు' అంటంది," అని ఇంటాయన భార్య ఠక్కున చెప్పింది. ఆమెకి ఆ బొమ్మ కంఠతా వచ్చు. కోడలి మాటలు సన్నగొంతుతో మొదలెట్టేసింది. మాట మాటకీ ముక్కు చీదుతోంది కూడా. అందరూ నవ్వుతున్నారు. అంతలో మళ్లీ అత్తగారి వంతు వచ్చింది. ఇంటాయన భార్య ఆ గడప మాటే మళ్లీ అంది.

"ఆ మాట అది కాదు," అన్నాను. అదే సినిమా మైదానంలో కుర్చీ చేతి మీద నుంచి చూశాను నేను. "'దాటితే మళ్లీ ఎక్కనివ్వను' అంటుంది ముందు."

"అయితే అత్తగారు మీరే వదినా. నాకు ఇద్దరి గొంతులూ కష్టమైపోతంది."

"అమ్మమ్మా, ప్లీజ్!" అంది పిల్ల.

చెప్పాను. మొదట మెల్లిగా, తర్వాత వాన మీదికి వినపడేటట్టు. కోడలిని కసురుకున్నాను, కోర్టు సీనులో జడ్జిని నిలదీశాను. "బావా, అప్ప ఇంట్లోనూ ఇలాగేనా?" అన్నాడు ఇంటాయన. "ఇది తగ్గించి ఆడుతోందిరా," అన్నారు మా ఆయన. చివర్లో అత్తాకోడళ్లు కావలించుకునే చోట మాటల్లేవు. పిల్ల మా ఇద్దరికేసీ చూసింది. "మీరూ కావలించుకోవాలి కదా?" అంది. ఇంటాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా వరకు అది పెద్ద సంగతే.

సినిమా అయ్యాక మా ఆయన, ఇంటాయన కలిసి కుర్చీని పక్కకి తిప్పి, గుంజి, మలుపులోని చప్టా మీదికి లాగారు. "దించమంటారా, పైకి ఎక్కించమంటారా అప్పా?" అన్నాడతను, చేతులు దులుపుకుంటూ.

నేను చెప్పేలోపే పిల్ల అందులో ఎక్కి కూర్చుంది. అక్కడ గోడకి కిటికీ ఉంది. దాంట్లోంచి వీధి, కొబ్బరిచెట్టు, దూరంగా రైలు కట్ట కనపడతాయి. "ఇక్కడే ఉంచండి. ఇది నా ప్లేస్," అంది.

"మెట్లకి అడ్డం కదే," అన్నాను.

"మేం ఒరుసుకుని ఎల్లిపోతాం లెండి," అంది ఇంటాయన భార్య.

మిగిలిన రోజులు పిల్ల అక్కడే మకాం పెట్టింది. పుస్తకం బీరువా గది దాటకూడదన్నది మా ఇంటి నియమం. ఓడల కథ మెట్లెక్కింది. పిల్ల కుర్చీలో అడ్డంగా పడుకుని, కాళ్లు చేతి మీద వేసి చదివింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇంటాయన భార్య మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "తరవాతేటయిందమ్మా?" అని అడిగేది. పిల్ల కూడబలుక్కుంటూ వినిపించేది. సాయంత్రాలు పచ్చీసు గుడ్డ కూడా అక్కడికే చేరింది. కాయ చచ్చినప్పుడల్లా మెట్లదారంతా అరుపులే. ఒకసారి నా గొంతూ లేచింది.

టికెట్ ముందుకి మార్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వెళ్లే రోజు తోటో, అదే బ్యాటరీ రిక్షా, వచ్చి వాకిట్లో ఆగింది. సామాను ఎక్కించాక పిల్ల కనపడలేదు. చూస్తే మెట్ల మలుపులో ఉంది. చదువుతున్న పేజీలో చాక్లెట్ కాగితం పెట్టి, పుస్తకం కుర్చీలో జాగ్రత్తగా పెడుతోంది.

"తీసుకెళ్లు. ఇస్తాను," అన్నాను. మా నాన్నగారి పుస్తకం ఇల్లు దాటించడానికి నేను సిద్ధపడటం అదే మొదటిసారి.

"వద్దు. ఓడ ఇప్పుడే తుపానులో పడింది. వేసవికి వచ్చి చదువుతాను. నువ్వు తియ్యొద్దు, కాగితం కూడా." తోటో ఎక్కాక మళ్లీ తల బయటపెట్టి, "కుర్చీ కూడా!" అని అరిచింది.

కుర్చీ అక్కడే ఉంది. ఇంటాయన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పక్కకి తిరిగి నడుస్తాడు. మొన్న నేను పైకి వెళ్తూ అక్కడ ఆగి, "మీ తాతగారు దీన్ని స్టేషన్ నుంచి మోశారు," అన్నాను. "అవునప్పా. దింపినాక మెడ మూడ్రోజులు తిరగలేదని సెప్పేవోడు," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఓడల కథ నాకు తెలిసిందే. అయినా కాగితం పెట్టిన పేజీ దాటి ఒక్క అక్షరం చదవలేదు. ఇవాళ ఉదయం ఇంటాయన భార్య పైనుంచి పిలిచింది.

"వదినా, బుక్కు మీద దుమ్ము పడతంది. గుడ్డ కప్పనా?"

"కప్పు. పేజీ మాత్రం కదలనివ్వకు," అన్నాను.