ఆయన బదులు నేను వెళ్ళిన మీటింగు

మొన్న శుక్రవారం దార్సైట్ కృష్ణుడి గుడిలో హారతి కళ్ళకద్దుకుని బయటికి వస్తుంటే, గోదావరి వైపు నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఇంటిపనిలో కుదిరిన పిల్ల ఒకతె నా చెయ్యి పట్టుకుని, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసే చోటు ఈ చుట్టుపక్కలే ఉందట కదా పెద్దమ్మా, మా ఆయన కోసం, అని అడిగింది. చుట్టూ జనం ఉండగానే, పాల ప్యాకెట్టు ఎక్కడ దొరుకుతుందని అడిగినంత మామూలుగా అడిగింది. ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఆ వయసులో నాకు ఏడాది పట్టింది.

మాది కడప జిల్లా. నేను ఇక్కడే ఖురం అనే పేటలో ఒక మేడమ్ ఇంట్లోనే ఉండి వంటపని చేసేదాన్ని, మా ఆయన ఒక కంపెనీ సైట్లకు నీళ్ళ ట్యాంకరు నడుపుతూ కంపెనీ రూమ్‌లో ఉండేవాడు. ఒకే ఊళ్ళో ఉన్నా మేము కలుసుకునేది శుక్రవారం మధ్యాహ్నం కాసేపే, అదీ గుడి ముందు. ఆ కాసేపట్లో ఆయన నాకు దూరంగా నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. తాగిన వాసన నాకు తెలియకూడదనుకున్నాడు పాపం, పెళ్ళాం ముక్కు సంగతి మగవాళ్ళకేం తెలుసు. చివరికి ఆ వాసన డ్యూటీలో మేనేజరు దాకా పోయింది. ఇంకొక్కసారి ఇలా కనబడితే వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కిస్తానన్నాడట. విమానం సంగతి అలా ఉంచండి, తాగి స్టీరింగు పట్టుకుని ఎవరి బిడ్డనైనా కిందేసుకుంటాడేమోనని నాకు అన్నం సహించేది కాదు.

పక్కింట్లో పనిచేసే రాజమండ్రి అక్క తమ్ముడు అలాంటి మీటింగుకే వెళ్ళి మానేశాడట. కింద దర్జీ కొట్టు, పైన రెండో అంతస్తు, అని గుర్తులు చెప్పింది. బోర్డు ఉండదట. ఎవరినైనా అడుగుదామంటే, అడిగినవాడు తెలుగువాడైతే సాయంత్రానికల్లా ఆ వార్త కంపెనీ రూమ్ చేరుతుంది. ఆ ఎండలో అదే సందులో మూడుసార్లు తిరిగితే గాని దర్జీ కొట్టు కనబడలేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని ఆ రోజు రాలేదు. అడిగినా ఆయన ఎలాగూ రానంటాడు, సరే, ఆయన బదులు నేనే వెళ్ళి ఆయన పేరు మీద ఏదైనా రాయించి వద్దామనుకున్నాను. జ్వరమొస్తే ఇంట్లోవాళ్ళం మొక్కుకోవడం లేదా, జాతకం బాగాలేకపోతే వాళ్ళ పేరున అర్చన చేయించడం లేదా, ఇదీ అంతే అనుకుని అరటిపళ్ళు కూడా పట్టుకెళ్ళాను. తలుపు తీసిన మలయాళీ పెద్దాయనకు వచ్చీరాని హిందీలో మా ఆయన పేరు చెప్పి, కంపెనీ పేరు చెప్పబోతుంటే, ఆ పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు. ఇక్కడ కంపెనీ పేరు ఎవరూ అడగరమ్మా, ఏదీ రాసుకోము, కాని తాగే మనిషి తన కాళ్ళతో తానే రావాలి అన్నాడు. పళ్ళు మాత్రం తీసుకుని లోపలివాళ్ళకు పంచాడు. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పోతున్నానే అని మెట్లు దిగుతూ ఏడ్చాను.

మరుసటి శుక్రవారం ఆరింటికల్లా తిరిగి వస్తానని మేడమ్‌ను బతిమాలుకుని, ఆయనను తీసుకెళ్ళాను. ఎక్కడికో చెప్పకుండా దర్జీ కొట్టు దాకా నడిపించి అక్కడ చెప్పాను. ఆయన మొహం నల్లబడిపోయింది.

"నన్ను పట్టియ్యనీకి తెచ్చినావా?" అన్నాడు.

పేరు రాసుకోరని, కంపెనీ అడగరని చెప్పినా నమ్మలేదు. ఒక్కో మెట్టూ బరువుగా ఎక్కి, తలుపు ముందు ఆగి, వెనక్కి చూసి, ఏమనుకున్నాడో లోపలికి వెళ్ళాడు. నేను మెట్ల మీదే కూర్చున్నాను. కాసేపటికి గాని చూసుకోలేదు, ఆ అంతస్తుకు అవతలి వైపున ఇంకో మెట్లదారి ఉంది. లోపలి నుంచి అటు తలుపు ఉందేమో, అటునుంచి అటే దిగిపోయాడేమోనని రెండు వైపులా చూస్తూ కూర్చున్నాను. తలుపు కొట్టి అడగడానికి ధైర్యం చాలలేదు. హిందీలో ఎవరో మాట్లాడుతున్నారు, మధ్యలో ఎవరో ఏడుస్తున్నారు, ఆయన గొంతు మాత్రం వినబడలేదు. ఐదయింది. అయిదుంపావయింది. ఒకతను బయటికి వచ్చాడు, ఆయన కాదు. ఇంకొకతను వచ్చాడు, ఆయనా కాదు. ఈ మనిషిని ఇక నేను దక్కించుకోలేనని నిశ్చయమైపోయి లేచి నిలబడ్డాను.

అందరికన్నా చివర వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్లు సగం దిగాక, నా వైపు చూడకుండా అడిగాడు.

"వచ్చే శుక్కురారం గూడా ఆ యమ్మ నీకు లీవు ఇస్తాదా?"

ఆ తర్వాత రెండుసార్లు మళ్ళీ తాగాడు, రెండుసార్లూ తలవంచుకుని ఆ మెట్లెక్కాడు. ఆపైన ముట్టలేదు. ట్యాంకరు నడిపినన్నాళ్ళు నడిపాడు, గుండెపోటు వచ్చి మూడేళ్ళ కిందట పోయాడు.

ఆయన బతికున్నంతకాలం ఈ సంగతి మా పిల్లలకు కూడా చెప్పలేదు. శుక్రవారాలు ఎక్కడికి వెళ్ళేవాళ్ళమని అడిగితే గుడికనే చెప్పేదాన్ని. ఇప్పటివాళ్ళకు ఆ బిడియం లేదు, మంచిదే, నేనూ అడిగినవాళ్ళకల్లా బాహాటంగా చెప్పేస్తున్నాను. కాని నిజం చెప్పొద్దూ, నాకు ఆ దాపరికం రోజులే మళ్ళీ కావాలనిపిస్తుంది. అప్పుడు పరువు పోతుందని దాచుకోవడానికి ఆయనైనా ఉండేవాడు.