నల్ల తెర వెనక పచ్చ వెలుగు

మా మేడమ్ పోయారన్న కబురు కాలేజీ అటెండరు ఫోన్ చేసి చెప్పాడు. "పొద్దున ఎదలో నొప్పి అనినారంట అక్కా, ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయినారు" అని ఏడ్చాడు. ఏడుస్తూనే ఇంకో మాట కూడా చెప్పాడు. "మేడమ్ ల్యాబు గది తాళం నీతాన ఉండాదా అని ప్రిన్సిపాల్ సారు అడుగుతాండాడు. దాంట్లో పాత కుర్చీలు వేయించాలంట." నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం తగ్గకముందే ఇది రాస్తున్నాను.

ఆవిడ బత్తలపల్లెలో పుట్టి, అనంతపురంలో చదివి, ఇక్కడే కెమిస్ట్రీ చెబుతూ ఉండిపోయారు. నా పరిశోధనకు ఆవిడే గైడు. సన్నటి పొరల్లో కొన్ని కర్బన అణువులు వెలుతురును ఎలా తాగుతాయి, ఎలా తిరిగి చిమ్ముతాయి అన్నదే ఆవిడ పని. మన ఫోన్ తెరల్లో వెలిగేవి కూడా అలాంటి అణువులే. కరువు జిల్లాలో ఇదెందుకని అడగని మనిషి లేడు.

ఒకసారి పెద్ద ఊరి నుంచి ఒకాయన తనిఖీకి వచ్చారు. గాజుబిళ్లను గిరగిరా తిప్పి పొర పరిచే మా యంత్రాన్ని పాత కంప్యూటర్ ఫ్యానుతో చేశామని తెలిసి నవ్వారు. తర్వాత కిటికీ తెర పట్టుకుని, "దీనికి గుండీ ఉందేమిటి?" అన్నారు.

"మా అమ్మ బురఖా సార్. చినిగితే విప్పి కుట్టినాను. వెలుతురు ఒక చుక్క కూడా రానీదు" అన్నారు మేడమ్.

"ఈ ఎండలో, ఈ దుమ్ములో ఇలాంటి పనులు..."

"దుమ్ముకు నీళ్లు చల్లుకుంటాము సార్. మీ ఊర్లో గాలికి తేమ ఉండాది చూడండి, దానికేం చల్లుతారు? తేమ తగిలితే ఈ పొర చెడిపోతాది. వాన లేని ఊరు, వాన లేని ఊరు అంటారే, మాకు ఆ వాన లేకపోవడమే పనికొస్తాండాది."

గదికి నీళ్లు చల్లే పని ఆవిడ ఎవరికీ ఇచ్చేవారు కాదు. చెప్పులు బయట విడిచి, నేల తడిపి, దుమ్ము అణిగి తడి ఆరేదాకా స్టూలు మీద కూర్చునేవారు. మే నెలలో కూడా పైన ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. చెమటకు నేను గొణుగుతుంటే కొంగుతో నాకే విసిరేవారు.

మాది నల్లమాడ దగ్గర మెట్ట సేద్యం. వానను నమ్మలేక శెనక్కాయ విత్తేటప్పుడు గింజలు ఒత్తుగా గుప్పించడం మా నాయన అలవాటు. ఆ భయం నా చేతుల్లోనూ ఉంది. సీసాలో నా రంగు ద్రావణం అతినీలలోహిత దీపం కింద పచ్చగా మెరిసిపోయేది. అదే రంగును దట్టంగా పొర వేస్తే వెలగకుండా చచ్చినట్టు పడి ఉండేది. ఇంకా కాస్త, ఇంకా కాస్త అని రంగు పెంచుతూనే పోయాను. చివరికి విసిగి, బెంగుళూరులో ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటానన్నాను.

ఆవిడ నా గాజుబిళ్ల చూసి పకపకా నవ్వారు. "వాన వస్తాదో రాదోనని గుప్పించినావు కదమ్మా! సీసాలో అణువులు దూరం దూరంగా ఉంటాయి, తాగిన వెలుతురును దేనికది చిమ్ముతాది. ఈడ ఒకదాన్నొకటి ఆనుకొని ఉండాయి. వెలుతురు చేతులు మారి మారి యాడో ఒకచోట వేడైపోతాది. మీ నాయన శెనక్కాయ చేన్లో కంది ఎట్ల వేస్తాడు?"

"దూరం దూరంగా, అక్కడొక సాలు అక్కడొక సాలు."

"అట్ల వెయ్."

వేరే పదార్థంలో ఆ రంగును కొంచెమే కలిపాం. దీపం వెలుతురును ఆ పదార్థం తాగి రంగు అణువులకు అందించింది. పొర పచ్చగా వెలిగింది. నేను ఎగిరి గంతేస్తే ఆవిడ ఒకటే మాట అన్నారు. "వెలిగిందా? మళ్లా వెయ్." వెలగనినాడు కూడా అదే మాట. అలా వేస్తూ వేస్తూ డాక్టరేటు తెచ్చుకుని, ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను.

ఆవిడను మట్టిలో పెట్టిన మర్నాడు నేల తడిపి, అది ఆరాక పొర వేశాను. ప్రిన్సిపాల్ గారు కుర్చీలు మోసేవాళ్లతో వచ్చారు. "తాళం ఇయ్యమ్మా. ఆమె లేదు కదా, ఇంక ఈడ ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాండా కదా సార్. చెప్పులు విడిచి లోపలికి రాండి."

తెర లాగి దీపం వేశాను. పొర వెలిగింది. ఆయన కాసేపు చూసి, "బాగుండాది. కానీ కుర్చీలు..." అన్నారు.

"వాటికి వేరే గది చూసుకోండి సార్."

మళ్లీ వస్తామన్నారు. రానీండి. తాళం నా కొంగుకే ఉంది. వాళ్లు వెళ్లాక ఇంకో గాజుబిళ్ల తీసుకున్నాను. మొదటిది ఇంకా వెలుగుతూనే ఉంది. కిటికీ తెరకు మిగిలిన ఆ ఒక్క గుండీ చీకట్లో పచ్చగా మెరుస్తోంది.